నీలి దారంలో ఒక ముడి ఎక్కువ

హోళీ వెళ్ళాక వచ్చిన రెండో బుధవారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలు. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు కాబట్టి ఆ ఇరవై నిమిషాలు నేను చెప్పినవి కావు, సాంబయ్య చెప్పినవి. "అందరు చూస్కోండ్రి, ఏడూ ఇరవై. మల్ల ఎండ ముదిరింది, అందుకే ఔటైన అని ఎవ్వడు సాకు చెప్పొద్దు" అని చేతి గడియారం అందరికీ తిప్పి చూపించి మొదటి బంతి వేయించాడు. నర్సన్న బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. నేను సూరత్‌లోని వడోద్ మైదానం అంచున, రంగుల మిల్లు గోడ నీడలో, గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. నా ఒళ్ళో దారం చుట్టిన రెండు కండెలున్నాయి. ఒకదానిది ఎర్ర దారం, ఒకదానిది నీలి దారం. ఎర్రది నర్సన్నది. నీలిది మా తమ్ముడు తిరుపతిది. ఎవరు ఎన్ని పరుగులు తీస్తే వాళ్ళ దారం మీద అన్ని ముళ్ళు వేయడం నా పని.

పోయిన నెల తిరుపతి కడోదరా నుంచి మేముంటున్న ఆల్థాన్ ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే "అక్కా, నర్సన్న పోయిండట" అన్నాడు. ఊరి నుంచి ఫోన్ వచ్చిందట. వాడు చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "గా దారం ఇంక నీ తాన్నే ఉన్నదా?" అని అడిగాడు. ముప్పై ఏండ్లకు దగ్గర పడుతోంది, ఆ దారం సంగతి వాడు నన్ను అడగడం అదే మొదలు. ఉందని చెప్పాను. ఎందుకు దాచానో, వాడు ఎందుకు అడిగాడో తెలియాలంటే ఆ బుధవారం సంగతి చెప్పాలి. నేను బడికి పోయినదాన్ని కాను, ముప్పై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు, మెత్తగా చెప్పడం అంతకన్నా చేతకాదు. ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనీ.

అప్పుడు మాది వడోద్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, ముందు రేకుల పందిరి. ఆ పందిరి కిందే మెస్ నడిపేదాన్ని. ఊళ్ళో పెళ్ళాం పిల్లల్ని వదిలి మరమగ్గాల మీద పనికి వచ్చిన మగవాళ్ళు ఇరవై రెండు మంది నా దగ్గర తినేవాళ్ళు. అందరూ మా తెలంగాణ సాలెవాళ్ళే. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. సాంచాల మీద పని పన్నెండు గంటలు, పొద్దున ఏడింటికి ఒక పాలీ, అంటే షిఫ్టు, దిగుతుంది, ఒక పాలీ ఎక్కుతుంది. దిగినవాడు తిని పడుకోవాలి, ఎక్కేవాడు తిని పరుగెత్తాలి. ఒకడు లేచిన పీట చల్లారకముందే ఇంకొకడు కూర్చునేవాడు. నాలుగున్నరకే నేను స్టవ్వు వెలిగించేదాన్ని. ముందు కిరోసిన్ వాసన, దాని మీద కాల్చిన ఎండుమిర్చి వాసన, పచ్చిపులుసులోకి చింతపండు పిసికిన వాసన, ఆ తర్వాత రాత్రి పాలీ దిగిన వాళ్ళతో పాటు వచ్చే సాంచా నూనె వాసన. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆ నూనె వాసన వాళ్ళ ఒంటి నుంచి పోయేది కాదు. వెనకాల ఖాడీ అనే వాగులో రంగుల మిల్లు నీళ్ళు పారేవి. ఏ రోజు ఏ రంగు అద్దుతున్నారో ఆ నీళ్ళు చూసి చెప్పేవాళ్ళం. లోకానికి ఆదివారం సెలవు, మాకు బుధవారం. ఆ రోజు మా వైపు కార్ఖానాలకు కరెంటు ఇచ్చేవాళ్ళు కాదు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోతే చెవుల్లో దూది తీసేసినట్టు ఉండేది. ఆ రోజే కోడికూర, ఆ రోజే క్రికెట్.

మా గల్లీ టీమును మొదలుపెట్టింది నర్సన్న. నాకంటే ఆరేడేండ్లు పెద్ద, నన్ను చెల్లే అని పిలిచేవాడు. సూరత్‌కి వచ్చి పద్నాలుగేండ్లు. అన్నం మెతుకు మెతుకూ కలుపుకుని తినేవాడు, తొందరపెడితే "సాంచా తాన తొందర, కంచం తాన గూడ తొందరేనా చెల్లే" అనేవాడు. బ్యాటును మా ఇంట్లో దేవుడి పటం పక్కన మేకుకి తగిలించేవాడు. దసరాకు నాడెలకు, కత్తెరలకు బొట్టు పెట్టి, ఆ వెనక బ్యాటుకూ పెట్టేవాడు. అతను గట్టిగా కొట్టేవాడు కాదు, కానీ తొందరగా ఔటయ్యేవాడూ కాదు. మా టీము ఒక విషయంలో ఎవరికీ తీసిపోదు, అరవకుండా పరుగులు తీయడంలో. సాంచాల చప్పుడులో ఏండ్లు గడిపి అందరి చెవులూ మందగించాయి. అక్కడ పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకునే అలవాటు. అదే మైదానంలోకి తెచ్చారు. అరచేయి చూపిస్తే ఆగు, గుప్పిట బిగిస్తే పరుగెత్తు. పక్క గల్లీల వాళ్ళు "గూంగీ టీమ్" అని వెక్కిరించేవాళ్ళు. ఆ మూగ టీమే అంతకు ముందు ఏడు వాళ్ళను ఇద్దరిద్దరిని రనౌట్ చేసి పంపింది.

ఆ ఏడు పాండేసరా వైపు పెద్ద పోటీ పెట్టారు. మా వాళ్ళు, ఒడియా వాళ్ళు, మరాఠీ వాళ్ళు, యూపీ వాళ్ళు, అందరి టీములూ. పదకొండు పేర్లు, పైన ఒక అదనపు పేరు, కాగితం మీద రాసి ఆ బుధవారం సాయంత్రం ఐదింటిలోగా ఇవ్వాలి. పది పేర్లు నా పందిరి కింద రెండు పూటల్లో తేలిపోయాయి. పదకొండో పేరు దగ్గర ఆగింది. నర్సన్నా, తిరుపతా?

వారం రోజులు నా ఇంట్లో అన్నం కంటే ఆ మాటే ఎక్కువ ఉడికింది. అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఐలయ్య. అతను కార్ఖానాలో పడుగు చుట్టిన బరువైన ఇనుప దూలాలు మోసేవాడు. జన్మలో బ్యాటు పట్టినవాడు కాదు, కానీ ఎవరు ఎక్కడ నిలబడాలో అతనికే తెలుసు.

"నర్సన్న ఆడితే మనం ఓడం, గెలువం గూడ. గట్లనే పండుగ దాంక ఆడుకుంట పోతం" అన్నాడు ఐలయ్య.

"నీకేం ఎర్క రా! నువ్వు బంతిని జూసి కండ్లు మూస్తవ్" అన్నాడు సాంబయ్య. సాంబయ్య పదో తరగతి చదివాడు. గల్లీ మొత్తానికి ఉత్తరాలు రాసేదీ, చదివేదీ అతనే.

"కండ్లు మూస్కున్నా తిరుపతిగాడు కొడితె సప్పుడు ఇనవడ్తది. నర్సన్న కొడితె బంతికే ఎర్కుండది."

నర్సన్న పచ్చిపులుసు జుర్రుకుంటూ నవ్వేవాడు. "ఈ ఒక్క ఎండకాలం ఆడనియ్యండ్రా. దసరాకు ఊరికి పోత. ఛాతి బరువైతున్నది, సాంచా ఇగ నాతోని గాదు. పోయేటప్పుడు మైదానం నుంచి పోవాలె గని దవాఖాన నుంచి గాదు." అది ఎగతాళిగా అన్న మాట కాదని అందరికీ తెలుసు.

ఇటు తిరుపతి. నా చేత్తో పెంచినవాడు, సూరత్‌కి పిలిపించింది నేనే. ఇరవై ఏండ్లు. కడోదరాలో ఒక సేఠ్ కొత్త మగ్గాలు దింపుతున్నాడు, ఆటంటే పిచ్చి, పోటీలకు వచ్చి మంచి ఆటగాళ్ళను చూసి పనిలో పెట్టుకుంటాడని చెప్పుకునేవాళ్ళు. "అక్కా, నేను రెండు మ్యాచులాడితె చాలు, గా సేఠ్ నన్ను ఇడువడు" అని రోజూ నా చెవిలో పోరేవాడు. నాకు మాత్రం ఉండదా ఆశ? ఉంది. లేదంటే అబద్ధం.

చివరికి తీర్పు ఇలా కుదిరింది. బుధవారం పొద్దున అటు ఏడుగురు, ఇటు ఏడుగురు పెట్టుకుని ఒక ఉత్తుత్తి మ్యాచు. అందులో నర్సన్న, తిరుపతి ఇద్దరిలో ఎవరు ఎక్కువ పరుగులు చేస్తే వాళ్ళ పేరు కాగితం మీద. సమానమైతే నర్సన్నదే, ఎందుకంటే ఆ చోటు మొదటి నుంచీ అతనిది. తిరుపతి కూడా దీనికి ఒప్పుకున్నాడు. పెద్ద నోరు చేసుకుని మరీ ఒప్పుకున్నాడు.

లెక్క నాకు ఎందుకు అప్పజెప్పారో చెప్పాలి. మొదట్లో సాంబయ్య కాగితం మీద రాసేవాడు. ప్రతిసారీ కొట్లాటే. "నువ్వు రాసింది మాకు సదువస్తదా? నీ సుట్టం పేరు మీద పది ఎక్కువేస్తే మాకేం ఎర్క?" అనేవాళ్ళు. ఒకసారి ఇలాగే గొంతులు పట్టుకుంటుంటే నేను గరిటె పట్టుకుని బయటికి వచ్చి, "రేపటి సంది నేను ముళ్ళేస్త. ముడి అందరికి సదువొస్తది గదా" అన్నాను. కోపంలో అన్న మాట నిలబడిపోయింది. మా ఊళ్ళో చిన్నప్పుడు నేను రాట్నం మీద కండెలు చుట్టిన మనిషిని, దారం నా వేళ్ళకు కొత్త కాదు. పైగా ఇరవై రెండు మందికీ ఒకే గరిటెతో వడ్డించేదాన్ని. ఇటు వాళ్ళూ నమ్మారు, అటు వాళ్ళూ నమ్మారు. ఫోర్ కొడితే నేను నాలుగు ముళ్ళూ వేసే దాకా బౌలరు ఆగాలి, అది రూలు. మిల్లు గోడ దాటేలా కొడితే ఔటు, ఎందుకంటే బంతి రంగునీళ్ళలో పడితే మళ్ళీ చేతికి రాదు.

అంపైరు పక్క గల్లీ ఒడియా అతను నిరంజన్. ముడి వేయడాన్ని కూడా అతను రాయడమే అనేవాడు. "దీదీ, దో లిఖో" అని రెండు వేళ్ళు చూపించేవాడు. నర్సన్న ఆ పొద్దున ఎప్పటిలాగే ఆడాడు. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. ఐలయ్య ఆవలించాడు. అయినా ఎర్ర దారం మీద ముళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. చివరి ఓవర్లో ఔటై వచ్చి నా పక్కన నిలబడి దగ్గుతూ, "ఎన్ని చెల్లే?" అన్నాడు. బొటనవేలితో జరుపుతూ లెక్కపెట్టాను. పద్దెనిమిది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వేలు జరిపి చూసుకున్నారు. పద్దెనిమిదే.

తర్వాత తిరుపతి దిగాడు. గోడ దాటకూడదన్న రూలు వాడికి ముక్కుతాడు లాంటిది, అయినా నేల మీదుగా బాదాడు. పది దాకా వెళ్ళాక ఒక దెబ్బకు బంతి బౌండరీగా పెట్టుకున్న మురిక్కాలువ వైపు దూసుకుపోయింది. నిరంజన్ నాలుగు వేళ్ళు చూపించాడు. నేను రెండు ముళ్ళు వేశానో లేదో, ఐలయ్య లేచి "కాల్వ దాటలే! అంచు మీదనే ఆగింది! మూడే!" అని కేకలు మొదలుపెట్టాడు. అప్పటికే నలుగురు కాలువ దగ్గరికి పరుగెత్తారు. నేను ఊరుకునే మనిషినా? లేచాను. దారం మోకాలి కింద పడి పుటుక్కున తెగింది. తెగితే తెగింది, వచ్చాక చూద్దామని కాలువ దాకా పోయాను. బంతి కాలువకు అవతల, బురదలో ఉంది. "కండ్లు తెర్చి సూడు, అవతల్నే ఉన్నది. నోటి లెక్క బందువెట్టు" అని ఐలయ్య మీద అరిచి, వచ్చి కూర్చున్నాను. నీలి దారం చేతికి తీసుకుని మిగతా రెండు ముళ్ళూ వేశాను. దారం తెగిన సంగతే నాకు గుర్తు రాలేదు. సాలెవాళ్ళ ఇంట్లో తెగిన దారం అతుక్కుని కనిపిస్తే అది ఎవరికీ వింత కాదు.

తిరుపతి ఇంకో నాలుగు పరుగులు తీసి క్యాచ్ ఇచ్చాడు. అందరూ నా చుట్టూ మూగారు. నేను బొటనవేలు జరిపాను. పద్దెనిమిది, పంతొమ్మిది.

"పంతొమ్మిది!" అన్నాను.

"కాదు, పద్దెనిమిదే! నేను వేళ్ళ మీద పట్టిన!" అన్నాడు ఐలయ్య.

"నీ వేళ్ళకేం, గవి మొన్న ఇరవై మూడు జూపినయి" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. తిరుపతిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నర్సన్న వెళ్ళి వాడి వీపు తట్టి, వికెట్లు పీకి, చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టాడు. మామూలుగా అతను బ్యాటు మోసేవాడు, వికెట్లు ఎవరో ఒకరు తెచ్చేవాళ్ళు. ఆ రోజు బ్యాటు తిరుపతి చేతిలో ఉంది.

కోడికూర వండాను. అందరూ తిన్నారు. సాంబయ్య పీట మీద కూర్చుని హిందీలో పేర్లు రాశాడు, తిరుపతి పేరు చివర. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయలుదేరాడు. నర్సన్న రెండోసారి అన్నం పెట్టించుకోలేదు. నేను గిన్నెలు కడిగి, దారాలు డబ్బాలో పెడదామని నీలిదాన్ని కండెకు చుడుతున్నాను. చుట్టేటప్పుడు దారం బొటనవేలి కింద నుంచి జారాలి, అది అలవాటు. జారుతూ జారుతూ ఒకచోట నా వేలు ఆగింది. నేను వేసే ముడి లావుగా, ఉండలా ఉంటుంది. ఇది చదునుగా ఉంది. రెండు కొసలూ పంటితో కొరికినట్టు పొట్టిగా ఉన్నాయి. అది లెక్క ముడి కాదు. తెగిన పోగును అతికే ముడి.

మా ఆయన మల్లేశం గోడకు ఆనుకుని జోగుతున్నాడు. రాత్రి పాలీ దిగి, నిద్ర మానుకుని సరాసరి మైదానానికి వచ్చి మ్యాచు జరిగినంతసేపూ నా పక్కనే కూర్చున్నాడు.

"ఏమయ్యా, నేను కాల్వ కాడికి పోయినప్పుడు ఈ దారం నువ్వు అతికినవా?"

కళ్ళు తెరవకుండానే, "తెగి ఉంటె అతకనా ఏంది? కండ్ల ముంగట తెగిన పోగుంటె చేతులు ఊకుంటయా?" అన్నాడు.

"గది అతికితె ముడైతది గదా!"

అప్పుడు లేచి కూర్చున్నాడు. దారం చేతిలోకి తీసుకుని చూశాడు. తన ముడిని తాను గుర్తుపట్టడానికి అతనికి రెప్పపాటు పట్టలేదు. తల గోక్కున్నాడు. "పన్నెండు సాంచాల మీద రాత్రంత గదే పని. నిద్రల గూడ అతుకుత. నేను అతికినట్టు నాకే యాదికి లేదు." దారం నా చేతికి తిరిగి ఇస్తూ, "ఎవ్వలకు ఎర్కైతది లే. నీకు, నాకు. నీ తమ్ముడే గదా" అన్నాడు.

"ఇద్దరికి ఎర్కైందంటె ఎర్కైనట్టే" అన్నాను.

నేను గొప్పదాన్నని ఇది రాయడం లేదు. ఒక్క నిమిషం కూర్చున్నాను. కడోదరా సేఠ్ గుర్తొచ్చాడు. చనిపోయేటప్పుడు మా అమ్మ తమ్ముడి చెయ్యి నా చేతిలో పెట్టింది గుర్తొచ్చింది. అంతా గుర్తొచ్చింది. కానీ నా వేలు ఆ ముడి మీద నుంచి లేవలేదు. ఆ గల్లీలో నాకు పొలం లేదు, ఇల్లు లేదు, చదువు లేదు. బాలక్క చెప్పిందంటే అంతే అన్న మాట ఒక్కటే ఉంది. దాన్ని తమ్ముడికి కూడా ఇవ్వను. లేచాను.

మూల మీద చాయ్ బండి దగ్గర అందరూ ఉన్నారు. సాంబయ్య ఇంకా చాయ్ తాగుతున్నాడు, అది మా అదృష్టం. ఆడదాన్ని, చాయ్ బండి దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి. దారం ఎత్తి పట్టుకుని చెప్పాను: "నేను తప్పు జెప్పిన. దీంట్ల ఒక ముడి లెక్కది గాదు, మా ఆయన అతికింది. తిరుపతియి పద్దెనిమిదే. ఐలన్న జెప్పిందే నిజం."

ఐలయ్య గ్లాసు పక్కన పెట్టి దారం మీదికి వంగాడు. అతని మాట నిజం కావడం అతనికే కొత్త. సాంబయ్య దారం తీసుకుని వేలు జరిపాడు. మల్లేశం వెనకాలే చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, "నా చేతి ముడే. మాఫ్ చేయుండ్రి" అన్నాడు.

తిరుపతి దారాన్ని చూడనైనా లేదు. నన్ను చూశాడు. "అక్కా, నువ్వు నా అక్కవా, ఆయన చెల్లెవా?"

"ఇంట్ల నీ అక్కను. లెక్కకాడ ఎవ్వలకు గాను."

"పొద్దుగాల పంతొమ్మిదన్నవ్. అందరు ఎత్తుకున్నంక ఇప్పుడు దింపుతవా?"

"దింపుత. ఎత్తింది నా మాటే, దింపేది నా మాటే."

వాడు గ్లాసు నేలకేసి కొట్టాడు. అప్పుడు నర్సన్న మా మధ్యకు వచ్చి, "పోనీ చెల్లే, పిల్లగాడు ఆడనీ. నేను ఇచ్చేస్తున్న" అన్నాడు.

నాకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. "నీది నువ్వు తీస్కోకముందే ఎట్లిస్తవ్ నర్సన్నా? ముందు నీ పేరు రాయించుకో. అటెన్క ఇస్తవో, ఉంచుకుంటవో నీ ఇష్టం. నా తప్పు మీద నువ్వు దానం జేయకు."

నర్సన్న తల దించుకున్నాడు. తర్వాత "రాయి సాంబన్నా" అన్నాడు. రాయించుకున్నాక మళ్ళీ ఇస్తానని అనలేదు. అననందుకే అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం. కావలసినదాన్ని కావాలని ఒప్పుకోవడానికి గుండె ఉండాలి.

సాంబయ్య కాగితం తీసి ఒక పేరు కొట్టేసి ఇంకొకటి రాశాడు. కొట్టేసిన పేరును కింద, ఖాళీగా ఉన్న అదనపు ఆటగాడి చోట, మళ్ళీ రాశాడు. "ఏది నర్సన్న పేరు?" అన్నాను.

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

"నీ మీద ఉన్నది. ఈ గీతల మీద లేదు. సూపియ్యి."

వేలు పెట్టి చూపించాడు. చూశాను. దారం మీదైతే నా వేలికి ఒక ముడి తేడా తెలిసింది. ఆ కాగితం మీద తలకిందులు రాసినా నాకు తెలియదు. ఆ రోజు నాకు సిగ్గనిపించింది, తప్పు చెప్పినందుకు కాదు, అందుకు. ఆ నెలలోనే సాంబయ్యను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు చెప్పమన్నాను. పొయ్యి పక్కన నేల మీద సుద్దతో రాసేవాడు. అ ఆలు తర్వాత, ముందు నర్సయ్య అని రాయడం చెప్పమన్నాను. ఒత్తులతో చదువు మొదలుపెట్టింది నువ్వొక్కదానివే అక్కా అని నవ్వేవాడు.

పోటీ ఏమైందని అడుగుతారు. మొదటి మ్యాచులోనే ఓడిపోయాం. నర్సన్న రెండో బంతికి ఔటయ్యాడు, సున్నా. ఆ రోజు కొత్తగా తెచ్చిన ఎర్ర దారం మీద ఒక్క ముడీ లేదు. "వదినె ఒక్క ముడి ఇప్పింది, మొత్తం టీమే ఊడింది" అని ఐలయ్య నెల రోజులు పాడుకున్నాడు. పాడుకోనీ. నేనేమీ బాధపడలేదు, ఓడితే ఓడాం. నర్సన్న ఆ మధ్యాహ్నం వచ్చి, మెతుకు మెతుకూ కలుపుకుని మూడుసార్లు అన్నం పెట్టించుకుని, "ఆడి ఔటైన చెల్లే. కూసుండి ఔట్ గాలె" అన్నాడు. దసరాకు బొట్టు పెట్టిన బ్యాటును తిరుపతి చేతికిచ్చి ఊరికి వెళ్ళిపోయాడు. ఆ బుధవారం తర్వాత తిరుపతి తొమ్మిది రోజులు నా ఇంట్లో తినలేదు. పదో రోజు వచ్చి, మాట్లాడకుండా పీట వేసుకున్నాడు. నేనూ మాట్లాడకుండా వడ్డించాను. రెండేండ్ల తర్వాత కడోదరాకు తన కాళ్ళ మీద తానే వెళ్ళాడు. ఆ నీలి దారం మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు. వాడు నన్ను నమ్మలేదని నాకు తెలుసు. ఏదో పెద్దరికం చూపించుకోవడానికి అలా చేసిందని వాడి మనసులో ఉండేది.

ఇప్పుడు మా మనవడు ఆడే మ్యాచుల లెక్క ఫోనులో ఉంటుంది. ఎవరు ఏ బంతికి ఎన్ని కొట్టారో బొమ్మలు గీసి చూపిస్తుంది. బాగుంది, నేనూ చదువుతాను. కడోదరాలో తిరుపతి నడిపించే కొత్త మగ్గాలు పోగు తెగితే వాటంతట అవే ఆగిపోతాయట, దీపం వెలుగుతుందట. మగ్గం నడిపే కారీగరు పోగు తెగిందేమోనని రాత్రంతా కళ్ళు పొడుచుకోనక్కర్లేదు. అదీ బాగుంది. ఆ రోజులే బంగారం అని నేను అనను. ఆ రోజుల్లో చెవులు పోయాయి, ఛాతీలు పోయాయి. ఒక్కటి మాత్రం చెబుతాను. తప్పు జరిగితే ఫోను తప్పు అంటున్నారు ఇప్పుడు. అప్పుడు తప్పుకు చెయ్యి ఉండేది, ఆ చెయ్యి వచ్చి నాదే అని నిలబడేది.

పోయిన నెల తిరుపతి అడిగినప్పుడు ఇనుప పెట్టె తెరిచి దారం తెచ్చి ఇచ్చాను. రంగు వెలిసింది. వాడు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, బొటనవేలు జరపడం మొదలుపెట్టాడు. వాడూ సాలె బిడ్డే కదా. పది, పదకొండు, పన్నెండు. ఆగాడు. వేలు ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది.

"ఇది ముడి గాదక్కా" అన్నాడు. "ఇది బావ."

మల్లేశం పోయి ఆరేండ్లు. జీవితమంతా లెక్కలేనన్ని పోగులు అతికాడు. అవన్నీ చీరలై ఎవరెవరి ఒంటి మీదికో వెళ్ళిపోయాయి. అతను చేత్తో చేసినవాటిలో నా ఇంట్లో మిగిలింది అదొక్కటే. తిరుపతి మిగిలిన ఆరూ లెక్కపెట్టి, కళ్ళు తెరిచి, "పద్దెనిమిదే" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎదురుచూడలేదని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఎదురుచూశాను.

ఆ బుధవారం వడోద్ మైదానంలో ఉన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. అప్పుడు రాయలేకపోయాను, ఇప్పుడు ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేదు. గడియారం చూసిన సాంబయ్య. నాలుగు వేళ్ళు చూపించిన నిరంజన్. క్యాచు పట్టిన కనకయ్య. బంతి వేసిన రాజేశం, వెంకటి. బురదలో దిగి బంతి తీసిన పోశెట్టి. పరుగెత్తడం కంటే పడడం ఎక్కువ చేసిన చంద్రయ్య. అన్నదమ్ములు లింగయ్య, రాజలింగం. రాత్రి పాలీ దిగి నిద్రకళ్ళతో వికెట్ల వెనక నిలబడ్డ భూమయ్య. ఒక్క పరుగూ చేయని దేవేందర్, ఒక్క బంతీ వేయని సదానందం, ఆ ఇద్దరినీ చూసి నవ్వుతూనే ఉన్న ఓదేలు. లెక్క సరిగ్గా చెప్పిన ఐలయ్య. తెగిన దారం అతికిన మల్లేశం. ముళ్ళు వేసిన బాలమణి, అంటే నేను. పద్దెనిమిది పరుగులు చేసిన తిరుపతి. పద్దెనిమిది పరుగులు చేసిన నర్సయ్య.